సైకిలు యాత్రకు సంచి యెట్టిదై యుండవలెను?

క్రిస్మసు సెలవులు సమీపించునప్పటికి మన పాఠశాలలో పై తరగతుల విద్యార్థులు మూడు నాలుగు దినముల సైకిలు యాత్రకు సన్నాహము చేయుట కొన్ని యేండ్లుగా వాడుకయైనది. ఏ దారిని పోవలెను, ఏ యూర బస చేయవలెను, ఎవరు పెద్దరికము వహింపవలెను అను మాటలు ముగియకమునుపే సంచుల మాట బయలుదేరును. వినువారికిది యల్పవిషయముగా తోచవచ్చును. కాని యీ యల్పవిషయము మూలముననే గత సంవత్సరము కొందఱు విద్యార్థులు ఇంట నిలిచిపోయిరి. సైకిలున్నది, కాళ్లలో సత్తువయున్నది, తలిదండ్రుల యనుమతియు నున్నది. "సరియైన సంచులు లేవు మాస్టారూ" అని చెప్పి తప్పుకొనిరి. సంచి లేని కారణమున యాత్ర మానుకొనుట నాకు సమ్మతము కాదు. కావున ఈ సంచికలో సంచిని గుఱించియే వ్రాయ సాహసించుచున్నాను.

సరియైన సంచులనగా వారి యుద్దేశమేమో విచారించితిని. చేతిఫోనులలో విదేశ యాత్రికుల సైకిళ్ల చిత్రములు చూచినారట. ముందు రెండు, వెనుక రెండు, హ్యాండిలు మీద నొకటి, సీటు క్రింద నొకటి, చట్రము నడుమ నింకొకటి—ఇన్ని సంచులు తగిలించినగాని యాత్ర కాదని వారి మనస్సులో నాటుకొన్నది. పేరుపొందిన విదేశపు సంచుల జత వెల మన దేశమున పదివేల రూపాయలు దాటును. మన విద్యార్థులలో పెక్కండ్రు ఎక్కు సైకిలు వెలయే యంతకు తక్కువ. గుఱ్ఱముకంటె జీను ప్రియమైనచో స్వారి చేయువాడెవడు? నా యభిప్రాయము ముందే చెప్పుచున్నాను. మూడు నాలుగు దినముల యాత్రకు, అందును రాత్రి యొక కప్పు క్రింద పండుకొను యాత్రకు, వెనుక చక్రమునకిరువైపుల వ్రేలాడు చిన్న తేలిక సంచుల జత యొక్కటి చాలును. దానిని మన యూరి దర్జీయే కుట్టగలడు. అంతకు మించినది వేడుక కాని యవసరము కాదు.

జంట సంచులు మనకు క్రొత్త కావు. రైళ్లు రాకమునుపు మన దేశమున ఉప్పు, ధాన్యము ఎద్దుల వీపులమీదనే సముద్రతీరమునుండి లోనాడులకు పోయెడివి. వీపునకడ్డముగా వేసి యిరుప్రక్కల సమముగా వ్రేలాడదీయు ఆ జోడుసంచిని పెరిక యనియు, కంటలమనియు మనవారనిరి. అట్టి యెద్దు పెరికెద్దు. సైకిలునకు తగిలించు ప్రక్కసంచిని ఆంగ్లమున పానియర్ అందురు. ఆ మాట ఫ్రెంచిభాష గుండ లాటినులోని రొట్టెలబుట్ట యను మాటనుండి వచ్చినది. ఆ దేశములందు గాడిదలకు, గుఱ్ఱములకు ఇరుప్రక్కల కట్టిన బుట్టలే కాలక్రమమున సైకిలునకు దిగినవి. మన కావడియు నీ కుటుంబములోనిదే. మోసేవానికి తెలుసు కావడి బరువు అను సామెతలో బరువు మాట మాత్రమే వినబడును. కాని కావడి మోసిన వానికి తెలిసిన దింకొకటి కలదు: రెండు కొనల బరువు సమముగా లేనిచో చిన్న బరువే పెద్ద బాధ. ఈ తెలివి సైకిలు సంచికిని కావలెను.

పూర్వపు యాత్రికులేమి మోసిరో తెలిసికొన్నచో మన పిల్లల దిగులు కొంత తగ్గును. టామస్ స్టీవెన్సు అను నాతడు 1884వ సంవత్సరము ఏప్రిలు నెలలో శాన్ ఫ్రాన్సిస్కోనుండి ముందు చక్రము మిక్కిలి పెద్దదిగా నుండు పాతకాలపు సైకిలు నెక్కి బయలుదేరి, 1886వ సంవత్సరాంతమునకు జపాను చేరెను. ఆ 1886లోనే లాహోరునుండి కలకత్తా వఱకు మన దేశపు రాజమార్గమున త్రొక్కెను. అతడు బయలుదేరునాటి సామానెంత? మేజోళ్లు, మార్చుకొనుటకొక చొక్కా, వానకోటు, ఒక చిన్న తుపాకి. ఆ వానకోటే రాత్రులందు డేరా, అదియే పడక. ఇంతయు హ్యాండిలునకు కట్టిన యొక సంచిలో నిమిడెను. మన బాలికలకొక మాట: 1894లో బోస్టను నగరమునుండి లోకయాత్రకు వెడలిన యానీ లండన్‌డెరీ మొదట ఎక్కిన సైకిలు 42 పౌనుల బరువు. చికాగో చేరునప్పటికే దాని కష్టము తెలిసి, 21 పౌనుల సైకిలునకు మాఱెను. నేల జీరాడు పాత గౌనులను కూడ విడిచెను. మన దేశమువారిలో 1923లో బొంబాయినుండి బయలుదేరిన పార్సీ యువకులున్నారు. వారిలో ఆది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భుమ్‌గరా యను మువ్వురు లోకము చుట్టి 1928లో ఇల్లు చేరిరి. నైలానే పుట్టని దినములవి.

బరువు తగ్గించుటవలన నిజముగా లాభమెంత? ఇచ్చట వ్యాపారులు చెప్పు మాటలలో సగమే నిజము. మన విద్యార్థి బరువు 50 కిలోలు, సైకిలు 20 కిలోలు, సామాను 10 కిలోలు అనుకొందము, మొత్తము 80. ఇందు మూడు కిలోలు తగ్గించినచో నూటికి నాలుగు వంతులైనను తగ్గలేదు. కోనసీమ కాలువగట్టున చదునైన దారిలో ఆ భేదము కాళ్లకు తెలియుటయే కష్టము. ఎదురుగాలి యంతకంటె నెక్కువ బాధించును. కాని ఘాటీ దారిలో లెక్క వేఱు. శృంగవరపుకోటనుండి అరకులోయకు పోవువారు ఎంత తక్కువ లెక్కించినను 800 మీటర్ల యెత్తు ఎక్కవలెను. మూడు కిలోలను 800 మీటర్లెత్తుట యనగా, పది కిలోల బక్కెట నీటిని పది మీటర్ల లోతుగల నూతినుండి ఇరువదినాలుగు మార్లు తోడుట. గణితము నేర్చినవారు గుణించి చూచుకొనవచ్చును. ఆ నీరు తోడినవాడు సాయంకాలమునకు పాటలు పాడునా, పండుకొనునా?

చదును దారిలోను తేలికకు వేఱు లాభములు కలవు. గోదావరి పాయను పంటుమీద దాటునపుడు సైకిలు నెత్తి యెక్కింపవలెను. బసలో మెట్లు ఎక్కింపవలెను. ఇసుకదారిలో దిగి నెట్టవలెను. పంక్చరైనపుడు తలక్రిందులు చేయవలెను. ఇట్టి పనులలో ప్రతి కిలోయు తన పేరు తాను చెప్పుకొనును. వెనుక చక్రపు కష్టమును కూడ తలపవలెను. ఆంగ్ల రోడ్‌స్టరు పద్ధతిలో చేసిన మన పాత సైకిళ్లకు ముందు చక్రమున 32 స్పోకులు, వెనుక చక్రమున 40 స్పోకులు. త్రొక్కువాని బరువులో నెక్కువ పాలు వెనుక పడుటయే యిందుకు కారణము. ఆ చక్రముమీదనే సామానంతయు వేయుచున్నాము. స్పోకు విఱిగిన చోట మెకానిక్కు దొరకునని నమ్మకమేమి?

వీపుసంచిని గుఱించి కొంచెము కఠినముగానే చెప్పవలసియున్నది. బడికి తెచ్చు సంచినే వీపున వేసికొని బయలుదేరువారు ప్రతి సంవత్సరము నుందురు. వెల లేదు, వెదకుట లేదు, నిజమే. కాని వీపున వేసిన బరువు సైకిలు మోయుట లేదు, మనుష్యుడు మోయుచున్నాడు. భుజములు లాగును, ఆ బరువంతయు సీటుమీద కూర్చున్న యెముకలపై దిగును, దేహముయొక్క గురుత్వకేంద్రము పైకి పోవుటచే మలుపులలో తూలు వచ్చును. మన యెండలో వీపునకు గాలి తగులకపోవుట యన్నిటికంటె చెడ్డది. పది గంటలకే చొక్కా తడిసి, మధ్యాహ్నమునకు చెమటకాయలు లేచును. నీళ్లసీసా, రొట్టెముక్క పెట్టుకొనుటకు చిన్నసంచియైన నాకభ్యంతరము లేదు. అయిదు కిలోలు వీపున కట్టి దినమునకు 60 కిలోమీటర్లు పోవుదునన్న విద్యార్థిని మాత్రము నా జట్టులో చేర్చుకొనను.

ఇక సంచి తానెంత బరువుండవలెను? సంచి తూకమును గ్రాములలోను, అందు పట్టు చోటును లీటర్లలోను కనుగొని, మొదటిదానిని రెండవదానిచే భాగింపవలెను. ఇదియే నేను చెప్పు కొలత. జర్మనీదేశపు ఆర్ట్‌లీబ్ కంపెనీవారి ప్రసిద్ధమైన జత 40 లీటర్లు పట్టును, సుమారు 1,900 గ్రాములు తూగును; లీటరునకు 47 గ్రాములకు కొంచెము పైన. అది మిక్కిలి గట్టిది, నీరు చొరనిది. దానికంటె సన్నని బట్టతో కుట్టినవి లీటరునకు 30 గ్రాములకును దిగగలవు. మన అంగళ్లలో దొరకు కొన్ని సంచులు అట్టలు, మెత్తలు, ఇనుప కొక్కెములు, లెక్కకు మిక్కిలియైన జేబులు చేర్చుకొని, సామాను పెట్టకమునుపే రెండున్నర కిలోలు తూగుచున్నవి. ఇది చదివిన పిదప సంచి కొనబోవువారు తూనిక లేని యంగడిలో కొనకుందురు గాక.

ఆ జర్మను కంపెనీ పుట్టుక మనకు మిక్కిలి పనికివచ్చు కథ. హార్ట్‌మట్ ఆర్ట్‌లీబ్ అను యువకుడు 1981లో ఇంగ్లండున సైకిలు యాత్ర చేయుచు వానలో తడిసి, సామానంతయు తడుపుకొని, ప్రక్కన పోవు లారీమీది టార్పాలిను క్రింద సరకు పొడిగా నుండుట చూచెను. ఆ టార్పాలిను బట్టతోనే తానే సంచులు కుట్టెను; 1982లో కంపెనీ నెలకొల్పెను. లారీ టార్పాలిను కుట్టువారు లేని పట్టణము మన జిల్లాలో కలదా? ఇంగ్లండుననే నెల్సను పట్టణములో విల్ఫ్ కారడైసు 1932లో మొదలిడిన పనియు నిట్టిదే. ఆయనది గట్టి నూలు కాన్వాసు. నూలుబట్ట తడిసినపుడు దారములుబ్బి సందులు మూసికొనును గనుక వాననీరు త్వరగా లోనికి దిగదు. ఆ గుణము మెచ్చదగినదే. అయితే తడిసిన కాన్వాసు బరువెక్కును, ఆరుటకు జాము పట్టును. మన తీరమున అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వాయుగుండముల కాలము గనుక నేను నైలాను పక్షము వహించుచున్నాను.

నైలాను, పాలియెస్టరు బట్టలకు డెనియరను కొలత చెప్పుదురు. 9,000 మీటర్ల దారము ఎన్ని గ్రాములు తూగునో అన్ని డెనియర్లు. సంఖ్య పెరిగినకొలది దారము లావు. 420 మొదలు 600 వఱకు డెనియరుగల బట్టకు వెనుకప్రక్క పూత వేసినది మన పనికి చాలును. 1,000 డెనియరు బట్ట ముండ్లదారులకు మంచిదే కాని బరువు. తేలికకొఱకే తయారగు మిక్కిలి పలుచని బట్టలును గలవు. వాని వెల యాకాశమంటును. కంకరమీద నొకమారు రాచుకొన్న చాలు, కన్నము పడును. తేలిక యనగా పలుచన యని కొందఱనుకొనుచున్నారు. సంచి చినుగు స్థలములు ఎల్లరెఱిగినవే: కొక్కెము తగిలించుచోటు, పట్టీ కుట్టినచోటు, కారియరు ఇనుము రాచుకొను వీపు, నేల తగులు అడుగు. ఆ నాలుగు చోట్ల రెండవ పొర వేసి, తక్కిన బట్టంతయు తేలికగా నుంచుట తెలివి. అంతటను లావు బట్టవేసి కొక్కెమువద్ద నొంటి కుట్టు వేసిన సంచి బరువునకు బరువు, నష్టమునకు నష్టము.

కారియరు లేకయే సీటునకును సీటుకఱ్ఱకును కట్టు పొడుగాటి సంచి యొకటి నేటి వాడుకలో కలదు. కెనడాలోని బాన్ఫునుండి అమెరికా దక్షిణపు సరిహద్దు వఱకు కొండదారులలో నాలుగువేల కిలోమీటర్లకు పైగా సాగు టూర్ డివైడ్ అను పందెము 2008 నుండి జరుగుచున్నది. అట్టి పందెములవారివలన ఈ పద్ధతి లోకమున వ్యాపించినది. కారియరు బరువు తగ్గును, ఇఱుకుదారిలో ప్రక్కలకు తగులదు, వారికిది తగినదే. మన విద్యార్థులకు నేను సలహా ఇయ్యను. పొట్టివారికి సీటు దిగువగా నుండును గనుక సీటునకును టైరునకును నడుమ చోటు చాలదు. సంచి టైరును రాచుకొనును. సరిగా నింపనిచో కుక్కతోకవలె ప్రక్కప్రక్కలకాడును. నిండుకుండ తొణకదన్నట్లు గట్టిగా కూరిన సంచియే నిలకడగా నుండును. పిల్లలకంతటి యోపిక ప్రతి యుదయము నుండదు. అదియుగాక మన సైకిళ్లలో పెక్కింటికి ఇనుప కారియరు ముందే కలదు. ఉన్నదానిని విప్పి పాఱవేసి లేనిదానిని కొనుటెందుకు? గేర్ల సైకిలు గల కొలదిమంది తేలికపాటి అల్యూమినియము కారియరు బిగించుకొనవచ్చును. బిగింపక ముందు తమ చట్రమునకు అందుకై రంధ్రములున్నవో లేవో చూచుకొనవలెను.

హ్యాండిలు మీది సంచిలో డబ్బు, పటము, మందులు, పల్లీలు ఉంచుకొనవచ్చును. రెండు కిలోలు మించరాదు. మించినచో ముందు చక్రము మొండికెత్తును, దీపము మఱుగుపడును.

ఇపుడు మన సంచి. ఒక్కొక్కటి 30 సెంటీమీటర్ల యెత్తు, 25 వెడల్పు, 13 లోతు. గుణించినచో 9,750 ఘన సెంటీమీటర్లు. అనగా పది లీటర్లకు రవంత తక్కువ. జతకు ఇరువది లీటర్లు. నోటివద్ద 20 సెంటీమీటర్ల బట్ట అదనముగా విడిచి, మూడు చుట్లు చుట్టి పట్టీతో బిగింపవలెను. జిప్పు వద్దు, మన దుమ్ములో దాని యాయుస్సు తక్కువ, పాడైన దారిలో బాగుచేయువాడుండడు. రెండు సంచులను కలుపు పట్టె కారియరుమీద పరచుకొనును. అదియే పెరిక పద్ధతి. వీపుప్రక్క సన్నని ప్లాస్టిక్కు అట్ట నొకదానిని చొప్పించినచో సంచి చక్రములోనికి వంగదు. అడుగున నొక పట్టీ పెట్టి చక్రపు ఇరుసువద్ద చట్రమునకు కట్టవలెను. లేనిచో గుంటలలో ఎగిరిపడును. పట్టెను కారియరుమీద వెనుకకు జరిపి నిలుపవలెను, లేనిచో త్రొక్కుచున్నపుడు మడమ తగులును. పొడుగుపాదముల వారు దీనిని మఱువరాదు. సంచి వెనుకప్రక్క వెలుతురు పడిన మెఱయు పట్టీ కుట్టింపుడు. ఎఱ్ఱ అద్దము సంచిచాటున పడినచో దానిని వెలుపలికి మార్చుడు.

బట్ట లెక్క వేసితిని. తరుగుతో గూడ చదరపు మీటరుంబాతిక చాలును. బడిసంచుల నైలాను బట్టతో కుట్టినచో పట్టీలు, అట్ట సహితముగా జత కిలోకు లోపుగనే యుండును. లారీ టార్పాలినుతోనైన కిలోకు కొంచెము అటునిటు. కుట్టు కన్నములగుండ నీరు దిగునను సందేహము న్యాయమైనదే. అందుకై లోపల నొక గట్టి పాలిథీను సంచి పెట్టి మూతి ముడివేయుడు. ఎన్నికల పిదపను, పుట్టినరోజుల పిదపను వీథులలో పడియుండు ఫ్లెక్సీ బట్టను లోపొరగా వేయుట కూడ చూచితిని. నాయకుని చిరునవ్వు లోపల మన చొక్కాలను కాపాడుచుండును; పైబట్టగా మాత్రమది పనికిరాదు, ఎండకు పగులును. కట్టుటకు కొక్కెముల రబ్బరుతాళ్లకంటె పాత ట్యూబును నిలువున కోసిన పట్టీలు మేలు. తాడు జారినపుడు కొక్కెము కంటికి తగులు ప్రమాదము కలదు. ట్యూబునకు కొక్కెము లేదు, వెల లేదు. ఏ పట్టీయైనను కొన వ్రేలాడరాదు. మూడేండ్ల క్రిందట ఒక విద్యార్థి సంచిపట్టీ కొన వెనుక చక్రమున చుట్టుకొని నిలువున పడెను. మోచేయి మాత్రమే గీసికొనిపోయినది, వెనుక బస్సు లేకపోయినది.

ఇరువది లీటర్లలో నేమి పట్టునని తల్లులడుగుదురు. రెండు జతల బట్టలు, ఒక లుంగీ, ఒక తుండు, సన్నని దుప్పటి, వానకోటు, సబ్బు, దంతధావన సామగ్రి, మందులు. లుంగీ పరుపు, తెర, తువ్వాలు, ఎండకు తలగుడ్డ; దానివంటి యాత్రావస్తువును ఏ దేశమువారును కనుగొనలేదు. బాలికలు చున్నీని అట్లే వాడుకొందురు. త్రొక్కునపుడు మాత్రము దానిని సంచిలో నుంచవలెను. పొయ్యి, గిన్నెలు వద్దు. మన దారులలో పది కిలోమీటర్లకొక ఇడ్లీబండియో టీకొట్టో యుండును. ఆవకాయను విడువుమని నేను చెప్పజాలను. గాజు జాడీని విడువుడు. అరకిలో ఆవకాయకు కిలో జాడీ యేల? పెద్ద సంచి కొన్నచో ఖాళీ చూచి యూరకుండలేము. ఏదో యొకటి చేర్చుదుము. చిన్న సంచియే మనకు బదులుగా వద్దనును.

తేలిక పేరిట తగ్గింపకూడనివి కొన్ని కలవు. నీరు లీటరునకొక కిలో. అయినను ఒక్కొక్కరు రెండు లీటర్లకు తక్కువ కాకుండ మోయవలసినదే. పంపు, ట్యూబు, అతుకులు, సొల్యూషను, రెంచి, దీపము, నిర్జలీకరణమునకు మందుపొట్లములు—ఇవి బరువైనను మానరాదు. అయితే ప్రతివాడును పంపు తేనక్కరలేదు. నలుగురికొకటి చాలును, దానిని మోయువాని దుప్పటి ఇంకొకడు మోయవలెను.

ఈ లెక్కలన్నియు చూచిన పిదప సంచి లేదని యే పిల్లయు నింట నిలువ నవసరము లేదనునది స్పష్టము. పాఠశాల పక్షమున పది జతలు కుట్టించి, గ్రంథాలయమున పుస్తకములవలె యాత్రకు ఎరువిచ్చి మరల పుచ్చుకొనవలెనని ఉపాధ్యాయ సంఘమునకు నా విన్నపము. కొనగల తలిదండ్రులు తమ పిల్లలకు విలువైన సంచులు కొనుటను నేను నిషేధింపను. కాని పదిమంది కుట్టుసంచులతో పోవుచుండ తమవాడొక్కడు ముప్పదివేల రూపాయల యలంకారముతో పోవుట వానికే సిగ్గు కలిగించునేమో యాలోచింపుడు. "కుట్టుసంచి దారిలో చినిగినచో?" అని యొక తండ్రిగారు నన్నడిగిరి. సూది, మైనము పట్టించిన దారము కలిపి పది గ్రాములు. విదేశపు సంచి కొక్కెము విఱిగినచో అట్టిది అరకులో దొరకునా?

కుట్టుపనికి నాలుగు శనివారములు చాలును. మాదిరి కాగితము నాయొద్ద నున్నది, కావలసినవారు తీసికొనవచ్చును. సంచి ముగిసిన పిమ్మట బియ్యము పోసిన రెండు మూటలను చెఱియొక ప్రక్క పెట్టి, రెండింటిని స్ప్రింగు త్రాసున తూచి, భేదము పావుకిలోకు మించకుండ సరిచేసి, మన బడి వెనుక గులకరాళ్ల దారిలో అయిదు కిలోమీటర్లు త్రొక్కి రావలెను. మడమ తగిలెనా, పట్టీ జారెనా, కారియరు బోల్టు వదులయ్యెనా అని చూచుకొనవలెను. చప్పుడు వచ్చినచో దిగి, ఎచ్చటనుండి వచ్చుచున్నదో కనుగొనక ముందు మరల ఎక్కరాదు.